రాత్రి భోంచేశాక.. ఓ ఆటేద్దామా!

పేక ముక్కలంటే మన ఇళ్లలో ఇప్పటికీ జంకే. పేకాటలో ఎకరాలు పోగొట్టుకున్న పెదతాత కథ ప్రతి వంశంలోనూ ఒకటుంటుంది. సంక్రాంతికి తోటల్లో పందేలు, పోలీసులు తరమడం, మర్నాడు పేపర్లో వార్త.. ఇవన్నీ చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ఓపీలో నేను ‘రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఓ ఇరవై నిమిషాలు ముక్కలాడండి’ అంటే, ఎదురుగా ఉన్నాయన ఒకసారి భార్య వంక, ఒకసారి నా వంక చూస్తారు. ఇది వేళాకోళమా, వైద్యమా అన్నట్టు.

వేళాకోళం కాదు. అలాగని పూర్తిగా వైద్యమూ కాదు. ఎందుకు చెబుతున్నానో వినండి.

‘ఎప్పటి నుంచి?’ అని అడిగితే..

ప్రభుత్వాసుపత్రి ఓపీకి అరవై, డెబ్భై దాటిన పెద్దవాళ్లు రోజూ వస్తుంటారు. అత్తగారిని కోడలు తీసుకొస్తుంది, నాన్నను కొడుకు తీసుకొస్తాడు. ‘మతిమరుపు బాగా ఎక్కువైంది డాక్టరుగారూ’ అంటారు. ‘ఎప్పటి నుంచి?’ అని అడుగుతాను. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకరు రెండు నెలలంటారు, ఇంకొకరు పోయిన దసరా నుంచంటారు. ఆ పెద్దావిడేమో నవ్వి ఊరుకుంటుంది. కాస్త తరచి అడిగితే సంగతి ఏడాది కిందటే మొదలైందని తేలుతుంది. కంటి పొర, చెవుడు.. ఇవీ అంతే. బాగా ముదిరాకే మా దాకా వస్తాయి.

వీళ్లు పెద్దవాళ్లను పట్టించుకోని మనుషులేం కాదు. వేళకు మందులు కొంటారు, వేళకు అన్నం పెడతారు, జ్వరమొస్తే సెలవు పెట్టి మరీ తీసుకొస్తారు. కాకపోతే ఒకే కప్పు కింద ఉంటూ కూడా ఒకరికొకరు ఎదురుగా కూర్చోవడం తగ్గిపోయింది. టీవీ ముందు అందరం ఒకే వైపు చూసేవాళ్లం. ఫోన్లు వచ్చాక ఎవరి చేతి వైపు వాళ్లం చూస్తున్నాం.

ముక్కలాటలో అలా కుదరదు. గుండ్రంగా కూర్చోవాలి. ఎదుటివాళ్ల మొహం చూడాలి. ఎవరేం వేశారో గుర్తుంచుకోవాలి. తన వంతు ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండాలి. కన్ను, చెవి, చెయ్యి, జ్ఞాపకం, ఓర్పు.. అన్నీ ఏకకాలంలో పనిచేయాలి. వాటిలో ఏది మొరాయించినా పక్కవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ ఆటల మీద డాక్టరుగా నాకున్న మక్కువకు అసలు కారణమిదే.

మందు మాత్రం కాదు

‘పేకాడితే మతిమరుపు రాదట కదా’ అంటూ వాట్సాప్‌లో వచ్చిన మెసేజీ చూపించేవాళ్లున్నారు. అంత సులువైతే మాకు సగం పని తగ్గేది. ఆ మెసేజీల వెనక ఒక పాత పరిశోధన ఉంది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌ ప్రాంతంలో 75 ఏళ్లు దాటిన 469 మందిని సగటున అయిదేళ్లపాటు గమనించి, 2003లో ‘న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌’లో ప్రచురించారు. పుస్తకాలు చదవడం, బోర్డు ఆటలో ముక్కలాటో ఆడటం, సంగీత వాయిద్యాలు వాయించడం, డాన్సు చేయడం అలవాటున్నవారిలో డిమెన్షియా తక్కువగా కనిపించింది. బాగానే ఉంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఆట ఆడినందువల్ల జబ్బు రాలేదా, లేక జబ్బు లోలోపల మొదలవుతున్నవాళ్లే ముందుగా ఆటలు మానేశారా? ఈ రకం పరిశోధనలతో ఆ రెండింటినీ పూర్తిగా విడదీయలేం.

‘లాన్సెట్‌’ పత్రిక కమిషన్‌ 2024లో డిమెన్షియా ముప్పును పెంచే, మనం మార్చుకోగల అంశాలు 14 ఉన్నాయని చెప్పింది. బీపీ, షుగరు, పొగతాగడం, చెడు కొలెస్ట్రాల్‌, ఊబకాయం, వ్యాయామం లేకపోవడం వంటివన్నీ అందులో ఉన్నాయి. వాటి పక్కనే మరో మూడున్నాయి. వినికిడి తగ్గడం, చూపు తగ్గినా చికిత్స చేయించుకోకపోవడం, నలుగురితో కలవకపోవడం. ముక్కలాట వీటిలో దేన్నీ నయం చేయదు. కానీ మొదటి రెంటినీ బయటపెడుతుంది, మూడోదాన్ని కాస్త తగ్గిస్తుంది. అంతవరకే దాని పాత్ర. కాబట్టి బీపీ మాత్ర మానేసి పేక కలుపుతూ కూర్చోకండి. ఉదయం నడక నడకే, రాత్రి ఆట ఆటే.

ఏమేం ఆడొచ్చు?

నా లెక్కలో ఇంటి ఆటకు మూడు అర్హతలుండాలి. జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో పట్టాలి. కొత్తవాళ్లకు రెండు నిమిషాల్లో నేర్పగలగాలి. ఒక ఆట పది నిమిషాల్లో తేలిపోవాలి. పిల్లలకు పరీక్షలున్నా, పొద్దున్నే ఆఫీసుకు పరుగెత్తాల్సి ఉన్నా ‘ఒక్క ఆట’ అంటే ఎవరూ కాదనరు. మూడు గంటలు పట్టే ఆటను మాత్రం రెండో రోజుకే అటకెక్కిస్తారు.

అయిదారేళ్ల పిల్లలుంటే జోడీల ఆటతో మొదలుపెట్టండి. పేకలోంచి ఆసు మొదలు ఏడు వరకు ముక్కలు తీసుకుని, ఒక జోకరు కలపండి. మొత్తం 29 ముక్కలు. కలిపి అందరికీ పంచాక, ఎవరి చేతిలో ఉన్న జోడీలు వాళ్లు కింద పెట్టేయాలి. తర్వాత పక్కవాళ్ల చేతిలోంచి చూడకుండా ఒక ముక్క లాగాలి. జోడీ కుదిరితే కింద పెట్టాలి, లేకపోతే ఉంచుకోవాలి. చివరికి జోకరు ఎవరి చేతిలో మిగిలితే వాళ్లు ఓడినట్టు. పూర్తి పేక ఎందుకు వద్దంటున్నానంటే పసివాళ్ల చేతిలో అయిదారు ముక్కలకు మించి నిలవవు. ముక్కల్ని విసనకర్రలా విప్పి పట్టుకోవడమే వాళ్ల వేళ్లకు పెద్ద కసరత్తు. పెన్సిల్‌ పట్టుకోవడానికి కావలసిన ఒడుపు ఇలాంటి పనుల్లోనే వస్తుంది.

గుర్తుపెట్టుకునే ఆట ఇంకా తేలిక. పది జతలు, అంటే ఇరవై ముక్కలు బోర్లా పరచండి. వంతుకు రెండేసి తిప్పి చూడాలి. జత కుదిరితే తీసుకోవచ్చు, లేదంటే మళ్లీ అక్కడే బోర్లించాలి. రైల్లో లోయర్‌ బెర్తు మీద కూడా సరిపోతుంది. ఈ ఆటలో ఇంజినీరు నాన్నను యూకేజీ కూతురు ఓడించడం మామూలే. నాన్న ఆఫీసు సంగతులు ఆలోచిస్తూ తిప్పుతాడు, పాప ముక్కలే చూస్తుంది మరి.

ఏడులు అనే ఆట ఒకప్పుడు వేసవి సెలవుల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేది. యాభై రెండు ముక్కలూ పంచేయాలి. ఆటీను ఏడు ఎవరి దగ్గరుంటే వాళ్లు మొదలుపెట్టాలి. దానికి పైన ఎనిమిది, కింద ఆరు.. అలా వరస పేర్చుకుంటూ పోవాలి. లేదా ఇంకో రంగు ఏడు వేసి కొత్త వరస తెరవొచ్చు. వేయడానికి ముక్క లేకపోతే పాస్‌. చేయి ముందు ఖాళీ అయినవాళ్లు గెలిచినట్టు. రెండో తరగతి పిల్లలకు ముందూ వెనకా అంకెలు నేర్పడానికి ఇంతకంటే మంచి ట్యూషన్‌ నాకు తెలియదు. ఇందులో కొంచెం కొంటెతనమూ ఉంది. చేతిలో ఇస్పేటు ఎనిమిది పెట్టుకుని కూడా, ఇంకో ముక్క వేసే వీలుంటే, దాన్ని వేయకుండా దాచి మనవల్ని ఏడిపించే తాతయ్యలుంటారు. అది నిబంధనలకు లోబడిన కొంటెతనమే, ఆపకండి.

కొంచెం పెద్ద పిల్లలుంటే బ్లఫ్‌. బోర్లా రెండు ముక్కలు వేసి ‘రెండు రాణులు’ అనాలి. నిజంగా రాణులే కానక్కర్లేదు. తర్వాతి వాళ్లు తామూ రాణులు వేస్తున్నామని చెప్పి వేయొచ్చు, పాస్‌ అనొచ్చు, లేదా ‘అబద్ధం’ అని ముక్కలు తిప్పి చూడొచ్చు. అబద్ధమైతే వేసినవాళ్లు, నిజమైతే అనుమానించినవాళ్లు కింద ఉన్న ముక్కలన్నీ ఎత్తుకోవాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఇది ఒంటపట్టదు. తన మనసులో ఉన్నది ఎదుటివాళ్లకు తెలియదన్న సంగతే ఆ వయసులో సరిగ్గా బోధపడదు. ఏడెనిమిదేళ్లు వస్తే ఇక పట్టపగ్గాలుండవు. ఇంట్లో అందరికంటే గొప్పగా బొంకేది ఎవరంటే, నేను చూసినంతలో నానమ్మలే. జీవితమంతా అందరి మొహాలూ చదివిన అనుభవం ఊరికే పోతుందా!

పేకంటే అస్సలు పడని ఇళ్లకు చీట్ల ఆటుంది. నోటుపుస్తకంలో ఒక కాగితం చాలు. రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని నాలుగు చీటీలు రాసి మడిచి కింద వేయాలి. తలా ఒకటి తీసుకున్నాక పోలీసు వచ్చినవాళ్లు దొంగెవరో కనిపెట్టాలి. తప్పు చెబితే పోలీసు మార్కులు దొంగకు వెళ్లిపోతాయి. ఎవరికెన్ని మార్కులనేది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది, మీ ఇంటి లెక్క మీరే పెట్టుకోండి. ఎక్కువమంది ఉంటే రాముడు-సీత చీటీలు. రాముడు వచ్చినవాళ్లు సీతను వెతకాలి. కరెంటు పోయినప్పుడు, పెళ్లింట్లో ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు. పదిమంది మార్కులు కూడటం తాతయ్యకు అప్పజెప్పండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పటి పిల్లలందరికీ తెలిసింది ఊనో. 1971లో అమెరికాలోని ఒహాయోలో మెర్ల్‌ రాబిన్స్‌ అనే ఒక క్షురకుడు తన ఇంట్లోవాళ్లతో ఆడుకోవడానికి తయారుచేసుకున్న ఆట ఇది. తలా ఏడు ముక్కలు, రంగు మీద రంగు లేదా అంకె మీద అంకె. పెద్దవాళ్లు కూడా ఒక్క ఆటలో పట్టేస్తారు. మన ఇళ్లలో గొడవంతా ప్లస్‌ టూ మీద ప్లస్‌ టూ వేయొచ్చా లేదా అన్నదగ్గరే. కంపెనీ నిబంధన ప్రకారం వేయకూడదు. వేసుకుంటామంటే మీ ఇష్టం, కానీ ఆట మొదలుపెట్టకముందే తేల్చుకోండి.

ఇక రమ్మీ. మన పెద్దవాళ్లకు ముక్కలాటంటే పదమూడు ముక్కల రమ్మీయే. అసలు సీక్వెన్సు, జోకరుతో ఇంకోటి, తర్వాత సెట్లు, చివరికి షో. పిల్లలకు నేర్పడానికి వారం పడుతుంది గానీ, ఒకసారి పట్టుబడితే ముప్ఫై ఏళ్లు వదలదు. పెద్దవాళ్లు గురువులయ్యే ఆట ఇదొక్కటే. పొద్దస్తమానం ‘నాన్నా, ఈ యాప్‌ ఇలా తెరవాలి’ అని పాఠం చెప్పించుకునే మనిషి, ఒక అరగంట ‘ఆ ముక్క పారేయకురా, దానికి ఇంకా పనుంది’ అని తానే పాఠం చెబుతాడు. దాని విలువ ఏ మాత్రకూ లేదు. పాయింట్లు లెక్కపెట్టుకోవడానికి డబ్బులొద్దు, చింతపిక్కలు చాలు. అయితే ఇంట్లో అయిదేళ్ల లోపు పిల్లలుంటే చింతపిక్కలు కూడా వద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకుని మా క్యాజువాలిటీకి వచ్చే వస్తువుల్లో చింతపిక్కది పెద్దపీట. నీళ్లు తగిలితే ఉబ్బి మరీ ఇరుక్కుంటుంది. కాగితం, పెన్సిలే మేలు.

ముక్కల వెనక మనిషిని చూడండి

ఆట మజాలో పడిపోయి అసలు సంగతి మరవకండి. వారం పది రోజులు వరసగా ఆడారంటే ఇంట్లో ఎవరి ఆట ఎలా ఉంటుందో మీకు తెలిసిపోతుంది. ఆ తర్వాత అందులో మార్పు వస్తే మీరే ముందు పసిగడతారు.

మొదట చూపు. ఇస్పేటు, కళావరు రెండూ నలుపే, ఆకారంలోనే తేడా. అమ్మమ్మ ఈ రెండింటినీ పదేపదే కలిపేస్తుంటే, ముక్కను ట్యూబ్‌లైటు వైపు తిప్పి తిప్పి చూస్తుంటే, మెరిసే ముక్కల మీద కళ్లు చికిలిస్తుంటే అది కంటి పొర కావొచ్చు. ఊనోలో నీలం, ఆకుపచ్చ తేడా పట్టలేకపోయినా అంతే. శుక్లం ముదిరేకొద్దీ పసుపు అద్దంలోంచి చూసినట్టు ఉంటుంది. ‘వయసైంది, ఇంతేలే’ అని ఆవిడే సర్దుకుపోతుంది, మీరు సర్దుకుపోకండి. షుగరున్నవాళ్లయితే పొర ఒక్కటే కాదు, కంటి వెనక రెటీనా కూడా పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో శుక్లం ఆపరేషన్‌ ఉచితంగానే చేస్తారు.

ఊనోలో ఇంకోటి. మగపిల్లాడు ఎరుపు మీద ఆకుపచ్చ వేసి, తప్పంటే తెల్లబోతుంటే ఆకతాయితనం అనుకోకండి. వర్ణాంధత్వం కావొచ్చు. ఇది తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది. అమ్మ నాన్నగారికో, మేనమామకో ఉండే అవకాశముంది. దీనికి చికిత్స లేదు, దీనివల్ల ప్రమాదమూ లేదు. కానీ రైలు నడిపే ఉద్యోగం వంటి కొన్నింటికి రంగుల చూపు పరీక్ష తప్పనిసరి. ఇంటర్‌ అయ్యాక తెలిసి కుంగిపోయేకన్నా, ఆరో తరగతిలోనే తెలిస్తే దారి ఎంచుకోవడానికి వ్యవధి ఉంటుంది. చుక్కల బొమ్మల పుస్తకం చూపించి కంటి డాక్టరు అయిదు నిమిషాల్లో తేల్చేస్తారు.

చెవి సంగతి. ‘ఏం వేశావు? ఏం ముక్క?’ అని తాతయ్య ప్రతిసారీ అడుగుతుంటే, లేదా అందరూ నవ్వాక ఒక క్షణం ఆగి నవ్వుతుంటే, వినికిడి పరీక్ష చేయించండి. చెవిలో గులిమి గట్టిపడటం లాంటి చిన్న కారణమూ కావొచ్చు. పుల్లలు, పిన్నీసులతో మీరే ప్రయత్నించకండి.

చేయి. ముక్క పట్టుకున్నప్పుడు వణికే చేయి వేరు, ముక్కలు కింద పెట్టి ఒళ్లో ఖాళీగా ఉంచుకున్నప్పుడు వణికే చేయి వేరు. రెండోది పార్కిన్సన్స్‌ జబ్బులో ఎక్కువగా చూస్తాం. ముక్క తీయడం, వేయడం నెమ్మదించడం కూడా దాంతోపాటే ఉండొచ్చు. రెండింట్లో ఏదైనా ఒకసారి చూపించుకోవాలి.

మతిమరుపు విషయంలో జాగ్రత్తగా బేరీజు వేయాలి. ఎవరేం వేశారో మరిచిపోవడం నాకూ మీకూ ఉంటుంది, అది జబ్బు కాదు. నలభై ఏళ్లుగా రమ్మీ ఆడిన మనిషి సీక్వెన్సు అంటే ఏమిటని అడిగితే, తన వంతు వచ్చిందని నాలుగుసార్లు చెప్పాల్సివస్తే, చీట్ల ఆటలో ఎప్పుడూ టకటకా మార్కులు కూడే తాతయ్య మూడంకెల కూడికల దగ్గర తడబడుతుంటే.. అప్పుడు ఆగి ఆలోచించాలి. తాతయ్యకు లెక్క అప్పజెప్పమన్నది ఇందుకే. ఇలా కనిపించిన ప్రతిదీ అల్జీమర్స్‌ కాదు. థైరాయిడ్‌ తగ్గడం, బీ12 లోపం, నిద్రమాత్రలు, కుంగుబాటు కూడా ఇలాగే కనిపిస్తాయి. వీటికి చికిత్స ఉంది. రక్తపరీక్షతో తేలిపోయేవి కొన్ని, మాట్లాడితే తెలిసేవి కొన్ని. ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి రెండు వారాలకు పైగా ‘మీరాడుకోండి, నాకొద్దు’ అంటూ పక్కకు తిరిగి పడుకుంటున్నా, తిండీ నిద్రా తగ్గినా అది అలక కాకపోవచ్చు.

పక్షవాతం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. చేయి కోలుకుంటున్నవారికి ముక్క తీయడం, తిప్పడం మంచి సాధన. చేతి పనితీరును కొలిచే పరీక్షల్లోనే కార్డులు తిప్పించడం ఒక అంశం. పదమూడు ముక్కలు పట్టలేకపోతే, బట్టలు ఉతికే బ్రష్షును కుచ్చు పైకి వచ్చేలా పెట్టి ముక్కల్ని కుచ్చులో నిలబెట్టండి. ఒక్క చేత్తో ఆడొచ్చు. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి మరో చిత్రమైన ఇబ్బంది ఉంటుంది. కళ్లు బాగానే ఉంటాయి, కానీ ఎడమవైపు లోకం ఉన్నట్టే వాళ్ల ధ్యాసకు రాదు. నా దగ్గరకు వచ్చే ఒక రిటైర్డు టీచరమ్మ అలాగే ఉండేవారు. నడక వచ్చింది, మాట బాగుంది, ఇంట్లోవాళ్లు పూర్తిగా కోలుకున్నారనే అనుకున్నారు. సందు దాటి గుడికి ఒక్కరే వెళ్లొస్తున్నారు కూడా. ‘నానమ్మ ఎడమపక్క ముక్కలు అసలు వాడదండీ, ఎప్పుడూ కుడిపక్కవే వేస్తుంది’ అని చెప్పింది తొమ్మిదో తరగతి మనవడు. ఆ ఒక్క మాటతో మేం పరీక్ష చేసి నిర్ధారించుకున్నాం. ఎడమవైపు నుంచి వచ్చే బండి ఆవిడ ధ్యాసలోకి రాదన్నమాట. గుడికి తోడు ఏర్పాటు చేయించాం. ముక్కల వరసకు ఎడమ చివర ఒక ఎర్ర కాగితం పెట్టి, ప్రతిసారీ అక్కడి నుంచి చూడటం మొదలుపెట్టమన్నాం. పళ్లెంలో అన్నం దగ్గరా అదే పద్ధతి.

ఇప్పటిదాకా చెప్పినవి మెల్లగా వచ్చే మార్పులు. వారంలో చూపించుకుంటే సరిపోతుంది. కానీ ఆడుతూ ఆడుతూ హఠాత్తుగా చేతిలోంచి ముక్కలు జారిపోయినా, మూతి ఒక పక్కకు లాగినా, మాట ముద్దగా వచ్చినా, ఒక కన్ను కనిపించడం లేదన్నా ఆట అక్కడే వదిలేసి 108కి ఫోన్‌ చేయండి. సీటీ స్కాన్‌ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వగలం. ఎన్ని గంటలకు మొదలైందో చెప్పగలిగే సాక్షి ఉండటం అక్కడ చాలా పెద్ద విషయం. పడుకుని నిద్రలేచాక తెలిస్తే ఆ సమయమే తెలియక ఇబ్బంది పడతాం.

డబ్బు పెడితే ఆట కాదు

‘తమ్ముడు తమ్ముడే పేకాట పేకాటే’ అనే సామెత పుట్టింది డబ్బు వల్లే. ముక్కల తప్పేం లేదు. మన నిర్మల్‌ కళాకారులు ఒకప్పుడు గంజీఫా అనే గుండ్రటి ముక్కల మీద చేత్తో బొమ్మలు వేసేవారు. దశావతార గంజీఫాలో అవతారానికి 12 చొప్పున 120 ముక్కలు. దేవుడి బొమ్మలున్న ముక్కలతో మనవాళ్లు ఆడారంటే, ఆటను పాపమనుకోలేదనేగా!

రమ్మీలో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనని 1960ల్లోనే ఆంధ్రప్రదేశ్‌ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని అడ్డం పెట్టుకునే తర్వాత ఫోన్లలో డబ్బు రమ్మీ వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్‌ 2020లో దానిపై చట్టాలు సవరించాయి. 2025లో కేంద్రమే డబ్బుతో ఆడే ఆన్‌లైన్‌ ఆటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా దొడ్డిదారులు వెతికేవాళ్లున్నారు. వాళ్లలో కొందరు మా దగ్గరకు నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని వస్తారు. ఈసీజీ బాగానే ఉంటుంది. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే అప్పులు బయటపడతాయి. ఇంట్లోవాళ్లతో ఆడే రమ్మీకీ దీనికీ ముక్కలు తప్ప పోలికే లేదు. ఒకటి నలుగురిలో వెలుతురులో ఆడేది, ఇంకోటి దుప్పటి కింద ఒంటరిగా ఆడేది. మీ ఇంట్లో ఎవరైనా ఆ రెండోదాంట్లో ఇరుక్కున్నారనిపిస్తే తిట్టకముందు మాట్లాడండి. బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్‌ చేస్తే ‘టెలి మానస్‌’ వాళ్లు ఏ వేళప్పుడైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఇంటి ఆటలో మాత్రం రూపాయి కూడా వద్దు. ‘సరదాకి పది రూపాయలే’ అనేదీ వద్దు. ఓడినవాళ్లు మంచినీళ్ల బాటిళ్లు నింపాలి, దోమతెర కట్టాలి.. ఇలాంటి పందేలు బోలెడున్నాయి.

కూర్చునే ముందు..

ఇన్సులిన్‌ వేసుకునేవాళ్లు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ముందు అన్నం తినేసి తర్వాతే ఆటకు కూర్చోవాలి. ఇంజెక్షన్‌ పొడిచేసుకుని ‘ఈ ఒక్క ఆట అయ్యాక తింటా’ అనడం ప్రమాదం. చెమటలు పట్టి, చేతులు వణికి, ముక్కలు పొరపాటుగా వేస్తుంటే అది షుగరు పడిపోవడం కావొచ్చు. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. ఇక ఆట పేరుతో మిర్చి బజ్జీలు, మిక్చరు పొట్లాలు తెరవకండి. భోంచేసిన కడుపుకు అవి అక్కర్లేదు, నూనె చేతులతో ముక్కలూ పాడవుతాయి. కాసిని వేరుసెనగలో, జామకాయ ముక్కలో చాలు.

అందరూ కింద చాప మీదే కూర్చోవాలని పట్టుబట్టకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మంచం అంచునో కుర్చీలోనో కూర్చుని, ముందు స్టూలు వేసుకుంటే చాలు. పెద్ద అంకెలున్న పేక బజారులో దొరుకుతుంది, పెద్దవాళ్లున్న ఇంటికి అదే కొనండి. లైటు వాళ్ల వెనకనుంచి పడేలా చూడండి. అరగంటకోసారి అందరూ లేచి నాలుగడుగులు వేయండి. ఇంట్లో ఎవరికైనా జలుబూ దగ్గూ ఉంటే ఆ రెండు రోజులూ ఆట మానేయండి, ఒకే ముక్క అందరి చేతులూ తిరుగుతుంది కదా.

ఆట జరుగుతున్నంతసేపూ ఫోన్లన్నీ ఫ్రిజ్‌ మీద. మీదీ కూడా. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఏ వయసువాళ్లకైనా పడుకునే ముందు గంట సేపు తెర లేకపోతే నిద్ర బాగా పడుతుంది. ఆ గంటలో ఏం చేయాలన్నదే కదా ఇబ్బంది.

ఓడిపోతే ఏడ్చే పిల్లలున్నారని కొందరు తల్లులు ఆటే మానిపిస్తారు. అది సరికాదు. అలాగని ప్రతిసారీ కావాలని ఓడిపోయి పిల్లాణ్ని గెలిపించడమూ నాకు నచ్చదు. పిల్లలకు అది తెలిసిపోతుంది. పది నిమిషాల ఆట ఎందుకు మంచిదంటే, ఓడిపోయిన కోపం చల్లారేలోపే ఇంకో ఆట పంచేయొచ్చు.

పిల్లలు దూరంగా ఉంటే

ఇదంతా ఇల్లు నిండుగా ఉన్నవాళ్లకు. ఇప్పుడు చాలా ఇళ్లలో మిగిలింది ఇద్దరే. పిల్లలు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉంటారు. ఇద్దరికి ఒక పేకతో పదమూడు ముక్కల రమ్మీ చక్కగా సాగుతుంది. ఏడులు కూడా ఆడొచ్చు గానీ అంత రక్తి కట్టదు.

వీడియోకాల్‌లో ఆడటానికి ఒక తేలికైన ఆటుంది. అక్కడ మనవరాలు పేక కలిపి ఒక్కో ముక్క కెమెరాకు చూపిస్తుంది. తర్వాతి ముక్క దీనికంటే పెద్దదా, చిన్నదా అన్నది ఇక్కడ అమ్మమ్మ చెప్పాలి. వరసగా అయిదు సరిగ్గా చెబితే గెలిచినట్టు. ఆదివారం ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ ఉదయం, ఇద్దరికీ వీలే. ‘తిన్నావా, మందులేసుకున్నావా’ తర్వాత మాటలు తడుముకునే ఫోన్‌కాల్‌ ఇలా పావుగంట నడుస్తుంది. ఫోను చేతిలో పట్టుకోకుండా దేనికైనా ఆనించి, అమ్మమ్మ మొహమూ చేతులూ రెండూ కనిపించేలా పెట్టించండి. ఎదురుగా చూపించిన ముక్కేమిటో ఆవిడ రెండు మూడు సార్లు తప్పు చెబితే, నెట్‌వర్క్‌ సరిగ్గా లేదని వదిలేయకండి. కంటి పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించారో అడగండి. రెండేళ్లు దాటితే, పక్కింటివాళ్లనో దగ్గర్లో ఉన్న తమ్ముణ్నో పిలిచి ఆ వారంలోనే తీసుకెళ్లమనండి.